మూడోసారి చదివిన చీటీ

నేను ఏ మాటైనా మూడుసార్లు చెబుతాను. మా ఆయనకి ఇది పెద్ద తలనొప్పి. "లైటు ఆపమని ఒక్కసారి చెబితే చాలదా, ఊరందరికీ చాటాలా?" అంటాడు. చాలదు. ఇరవై రెండేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నదాన్ని, జనం ఎలా వింటారో నాకు తెలియదా? మొదటిసారి చెప్పినప్పుడు ఎవరూ వినరు. రెండోసారికి తల ఎత్తుతారు. మూడోసారికి గానీ సంచీ చేతిలోకి తీసుకోరు.

నా గది బస్టాండు మధ్యలో ఉండేది. మూడు వైపులా అద్దాలు, ఒక బల్ల, ఒక కుర్చీ, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. అద్దం అడుగున అరచెయ్యి పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి కంట్రోలర్ చీటీ తోసేవాడు. ఏ బస్సు, ఏ ప్లాట్‌ఫారం, ఎంత ఆలస్యం. కింద ఆయన సంతకం. సంతకం ఉంటే చదవాలి, లేకపోతే చదవకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి "ఈ బస్సు ఎందుకు రద్దయిందండీ?" అని అడిగాను. అప్పటి కంట్రోలర్ కళ్ళజోడు పైనుంచి చూసి, "నీ పని చదవడం. ఆలోచించడానికి మేమున్నాం" అన్నాడు. అప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. కానీ ఇరవై రెండేళ్ళు ఆ మాటే పట్టుకుని బతికాను. చీటీ వచ్చిందా, చదివానా, అంతే.

ఊళ్ళో నా ముఖం ఎవరికీ తెలియదు, గొంతు తెలుసు. కూరగాయల కొట్లో "అరకిలో ఇవ్వండి" అంటే చాలు, పక్కవాళ్ళు తిరిగి చూసి "మీరు మైకమ్మ కదూ?" అనేవాళ్ళు. చివరికి ఆ పేరే నిలిచిపోయింది. మైకమ్మ చెప్పిన ప్లాట్‌ఫారానికి వెళ్తే అక్కడ బస్సు ఉంటుందని ఊరందరికీ నమ్మకం. నేను సంపాదించుకున్న ఆస్తి అదొక్కటే.

కిందటేడు నా కుర్చీ తీసేసి అక్కడ ఒక పెట్టె పెట్టారు. లోపల ఎవరిదో రికార్డు చేసిన గొంతు, దాన్ని కంప్యూటరు నడుపుతుంది. పంచదార పాకంలో ముంచి తీసినట్టుంటుంది. వచ్చిన మొదటి వారంలోనే ప్రయాణికుల్ని తొమ్మిదో ప్లాట్‌ఫారానికి వెళ్ళమంది. మా బస్టాండులో ఉన్నవి ఎనిమిదే. దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాకు మాత్రం నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఒక పూలగుత్తి చేతిలో పెట్టి, ఇక ఇంటికి వెళ్ళమన్నారు.

మా ఆయన అదే డిపోలో మెకానిక్కు. ఆయన జీతంతో ఇల్లు గడుస్తుంది. కానీ నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడం నా వల్ల అయ్యే పనేనా? ఫోను పట్టుకుని ఇంటి నుంచి చేసే పనులు వెతకడం మొదలుపెట్టాను. ఎంతమంది దొంగలో! ఒకడు పెన్సిళ్ళు డబ్బాల్లో సర్దే పని ఉందని, ముందు గుర్తింపు కార్డుకి డబ్బు కట్టమన్నాడు. ఇంకొకడు వీడియోలకి లైకులు కొట్టిస్తూ రెండు రోజులు చిల్లర వేసి, మూడో రోజు పెద్ద మొత్తం పెట్టుబడి పెట్టమన్నాడు. ఒకావిడ నా ఫోనుకి బ్యాంకు వాళ్ళు పంపిన అంకెలు చదివి చెప్పమంది. అందరికీ గడ్డి పెట్టి ఫోను పెట్టేశాను. నన్ను మోసం చేయడం ఎవడి తరమూ కాదనుకున్నాను.

మా కింది గదిలో ఒక దర్జీ అద్దెకుండేది. పొడుగైన ప్యాంట్లు కత్తిరించడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, జిప్పులు మార్చడం ఆమె పని. జిప్పు పోయిన సంచీ ఇస్తే మాట్లాడుతూనే మార్చి చేతిలో పెట్టేది. అందుకే అందరూ జిప్పు అని పిలిచేవాళ్ళు. నాకంటే పదేళ్ళు చిన్నది, అక్కా అంటుంది. పని పలచబడిపోయి, తనూ ఫోనులో ఏదైనా దొరుకుతుందేమోనని చూస్తోంది.

"జిప్పూ, పని ఇచ్చేవాడు మనకి డబ్బివ్వాలి. మన దగ్గరే డబ్బు అడిగాడంటే వాడు దొంగ" అని చెప్పాను. మూడుసార్లు.

"మొదటిసారే వినపడింది అక్కా. నేనేం బస్సెక్కడానికి రాలేదు" అని నవ్వింది.

"నాకో పని కుదరనీ, నీకూ ఏదో ఒకటి చూసిపెడతాలే" అన్నాను. ఊరికే, మాట వరసకి అన్నాను. ఆ మర్నాటికే మర్చిపోయాను. తను మర్చిపోలేదు.

తర్వాత నెలకి ఒక ప్రకటన కనిపించింది. మంచి గొంతు ఉంటే చాలట, ఇంట్లో కూర్చుని వాక్యాలు చదివి పంపడమే పనట. ఫోను చేస్తే ఒక మేడం మాట్లాడింది. ఆవిడ పేరు ఏదో చెప్పింది గానీ, ఆ మాటతీరుకి నేను తేనె మేడం అని పెట్టుకున్నాను. "ఎక్కడ చేశారు మేడం? ఎన్నేళ్ళు? అయితే ఆ ఊళ్ళో మీ గొంతు తెలియనివాళ్ళు ఉండరన్నమాట!" అని ఒకటే మురిసిపోయింది. ఆ ముక్క మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగింది. నన్ను మునగచెట్టు ఎక్కిస్తోందని తెలుసుకోకుండా, ఎక్కి కొమ్మ మీద సర్దుకు కూర్చున్నాను.

చిల్లిగవ్వ కట్టమనలేదు. అదీ అసలు మాయ. మొదటి పది వాక్యాలు పంపిన సాయంత్రమే డబ్బు వాళ్ళే వేశారు. డబ్బు అడిగినవాడు దొంగ కాబట్టి, డబ్బిచ్చినవాడు దొర అనుకున్నాను. ఫోను తెర మీద ఎనిమిది పేజీల ఒప్పందం పంపితే, చివరికి జారిపోయి "అంగీకరిస్తున్నాను" నొక్కేశాను. ఆ ఎనిమిది పేజీలూ చదవలేదు. చదవడమే వృత్తిగా బతికిన మనిషిని, చదవలేదు.

గొంతు గింగురుమనకుండా ఉండాలంటే బట్టల మధ్య చదవాలని తేనె మేడం చెప్పింది. బీరువా రెండు తలుపులూ తీసి, వేలాడే చొక్కాల మధ్యలోకి తల దూర్చి, మడతల మీద ఫోను ఆనించి చదివేదాన్ని. మా ఆయన స్నానం చేసి తువ్వాలుతో వెనక నిలబడి ఉండేవాడు.

"నా చొక్కా ఎప్పుడు బయలుదేరుతుందమ్మా? ఏ ప్లాట్‌ఫారం?"

"అయిదు నిమిషాలు ఆలస్యం. నోరు మూసుకో."

వాక్యాలు కలగాపులగంగా వచ్చేవి. ఒకటి గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇమ్మనేది, ఒకటి డాక్టరు సమయం మారిందనేది. మధ్యలో "శుభాకాంక్షలు, మీరు ఎంపికయ్యారు" అని ఒకటి. ఇరవై వాక్యాల తర్వాత "రుసుము ఈ రోజు సాయంత్రంలోగా చెల్లించండి" అని ఇంకొకటి. అదేదో బడి ఫీజు అనుకున్నాను. ఆ ముక్కలన్నీ ఎవరో తర్వాత పక్కపక్కన పెట్టి అతుకుతారని నాకు తట్టలేదు.

"ఎవర్ని ఎంపిక చేశారే? దేనికి?" అని ఒకరోజు మా ఆయన అడిగాడు.

"చీటీలో లేదు."

"అడగొచ్చుగా?"

"మన పని చదవడం" అన్నాను, పాత కంట్రోలర్ లాగే, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

నేను అలవాటు కొద్దీ ఒక్కో వాక్యం మూడుసార్లు చదివి పంపితే తేనె మేడం ఒప్పుకోలేదు. "ఒక్కసారి చాలు మేడం. మిగతావి మేం తీసేస్తాం" అంది. నాకు నచ్చలేదు. ఒక్కసారి చెబితే ఎవరికి అర్థమవుతుంది? అయినా సరే అన్నాను.

చదివేటప్పుడు నాకున్న ఇబ్బంది ఒక్కటే, కింది గదిలో జిప్పు కుట్టుమిషను. దాని చప్పుడు నేలలోంచి బీరువాలోకి వచ్చేది. చీపురు కర్రతో నేల మీద కొట్టి, "జిప్పూ, పది నిమిషాలు ఆపవే తల్లీ!" అని అరిచేదాన్ని. ఆపేది. తర్వాత ఒక సోమవారం నుంచి చప్పుడే లేదు. మంగళవారమూ లేదు. నా మీద ప్రేమతో పని వేళలు మార్చుకుందనుకున్నాను. ఎంత సంబరపడ్డానో చెప్పుకుంటే సిగ్గుచేటు. బుధవారం డజను అరటిపళ్ళు కొని, థాంక్సు చెబుదామని కిందికి దిగాను.

తలుపు తీసే ఉంది. జిప్పు నేల మీద కూర్చుని ఒక ప్యాంటు అంచు చేత్తో కుడుతోంది. కిటికీ కింద మిషను లేదు. అది నిలబడిన చోట నాలుగు గుంటలు, నూలు ముక్కలు, అరిగిపోయిన సుద్ద బిళ్ళ ఒకటి.

"మిషనేదే? రిపేరుకిచ్చావా?"

తల ఎత్తి చూసింది. ఎప్పుడూ లేనిది, ఆ చూపులో అక్కా అన్న భావమే లేదు.

"అమ్మేశాను. నువ్వే కట్టమన్నావుగా."

"నేనా? ఏం కట్టమన్నాను?"

ఫోను తీసింది. తన ఫోనుకి వచ్చిన ప్రతి కాలూ రికార్డయ్యేలా పెట్టుకుంటుంది, కొలతలు చెప్పి తర్వాత కాదనే మనుషుల కోసం. నొక్కింది. నా గొంతు వచ్చింది. "శుభాకాంక్షలు. మీరు ఎంపికయ్యారు. ఇంటి నుంచే బట్టల డిజైన్లు పరిశీలించే ఉద్యోగం. రుసుము ఈ రోజు సాయంత్రంలోగా చెల్లించండి. ఆలస్యమైతే ఈ అవకాశం మరొకరికి వెళుతుంది." ఎక్కడా అతుకు తెలియలేదు. ఊపిరి కూడా నాదే.

అరటిపళ్ళు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

మూడుసార్లు కట్టిందట. మొదట నమోదుకి. తర్వాత శిక్షణకి. ఆఖరున వాళ్ళు పంపబోయే కంప్యూటరుకి పూచీగా. ఆ మూడోదానికి మిషను అమ్మింది. కంప్యూటరు వస్తే మిషనుతో పనేముందని. కట్టిన మర్నాటి నుంచి ఆ నంబరు పలకడం లేదు.

"పిచ్చిదానా, డబ్బు అడిగితే దొంగ అని నీకు చెప్పానా లేదా?" అని అరిచాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ముందు తన మీదే వచ్చింది.

జిప్పు సూది ప్యాంటులో గుచ్చి పక్కన పెట్టింది.

"చెప్పావు. అదీ నువ్వే చెప్పావు, ఇదీ నువ్వే చెప్పావు. రెండోసారి బస్టాండులో ఎలా చెప్తావో అలాగే చెప్పావు. బస్సు మూడో ప్లాట్‌ఫారం అని పొద్దున్న చెప్పి, సాయంత్రం అయిదు అంటే, మేం ఎటు పరిగెత్తాలి అక్కా? చివర చెప్పిందే కదా నిజం? నాకు పని చూసిపెడతానన్నావు. చూసిపెట్టి, పైకి చెప్పకుండా ఫోనులో చెప్పించావనుకున్నాను. మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు బస్సు మారిందని నువ్వే చెప్పావు. పరిగెత్తాం, ఎక్కాం. అలాంటి గొంతుని పైకొచ్చి 'నిజమేనా' అని అడుగుతానా?"



పైకి వెళ్ళి తేనె మేడానికి ఫోను చేశాను. ఎత్తింది! అదీ వాళ్ళ ధైర్యం. నోటికొచ్చినవన్నీ తిట్టాను. అంతా విని, అదే తియ్యటి గొంతుతో, "మేడం, మీరు చదివారు, మేం డబ్బిచ్చాం. వాక్యాలు ఎలా వాడుకున్నా మా ఇష్టమని ఒప్పందంలో ఉంది. మీరు అంగీకరిస్తున్నాను అన్నారు" అంది.

"పోలీసు స్టేషనుకి వెళ్తాను."

"వెళ్ళండి. కాల్‌లో గొంతు ఎవరిదని అడుగుతారు మేడం. ఎవరిదని చెబుతారు?"

నిమ్మకు నీరెత్తినట్టు మాట్లాడి పెట్టేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మా ఆయన డిపో నుంచి వచ్చి గ్రీజు చేతులతోనే అంతా విన్నాడు. ఎప్పుడూ వెటకారం చేసే మనిషి, ఆ పూట చెయ్యలేదు. "పద, వెళ్దాం" అన్నాడు.

స్టేషనులో ఫిర్యాదులు రాసుకునే ఆయన తల వంచి కాగితం తీశాడు. నేను నోరు తెరిచి రెండు వాక్యాలు చెప్పేసరికి కలం ఆపేశాడు.

"ఈ గొంతు... మీరేనా అది? మా మరదలికీ వచ్చింది ఆ ఫోను. మైకమ్మే చెప్పిందని కట్టేసింది."

"నేను చెప్పలేదండీ. చదివాను, అంతే."

"అంటే చెప్పినట్టే కదమ్మా" అన్నాడు. మళ్ళీ ఆయనే మెత్తబడి, "వారం నుంచి రోజుకి నాలుగైదు వస్తున్నాయి, ఈ చుట్టుపక్కలవే. వేరే ఊరి నుంచి ఒక్కటి కూడా లేదు. కట్టిన పూటే వచ్చి చెబితే, బ్యాంకు వాళ్ళతో ఆ ఖాతా ఆపించేవాళ్ళం. అందరూ సిగ్గుపడి పది రోజులు ఇంట్లో కూర్చుంటారు. ఈలోగా వాళ్ళు ఊడ్చుకుపోతారు" అన్నాడు.

వేరే ఊరి నుంచి ఒక్కటి కూడా లేదు. తేనె మేడం మూడు రకాలుగా ఎందుకు అడిగిందో అప్పుడు బోధపడింది. వాళ్ళకి కావలసింది మంచి గొంతు కాదు. ఒక ఊరు నమ్మిన గొంతు. ఇరవై రెండేళ్ళు, జ్వరం వచ్చినా, గొంతు బొంగురుపోయినా, వేడినీళ్ళు తాగి తాగి, నేను ఒక్కొక్క బస్సూ సరిగ్గా చెప్పి పోగేసుకున్న నమ్మకాన్ని, పెట్టుబడి లేని సరుకులా ఎత్తుకుపోయి, అదే జనానికి అమ్ముతున్నారు. ఉద్యోగం కావాలని వెతుక్కునేవాళ్ళ దగ్గర ఉండేదేమిటి? ఒక మిషను, ఒక పుస్తె, ఒక నెల అద్దె. దాని మీద పడి తింటారా? అప్పటికప్పుడు ఫిర్యాదు రాయించి సంతకం పెట్టి వచ్చాను. కానీ ఆ కాగితం ఎవరి చెవిన పడుతుంది? నా గొంతు మాత్రం ఇంకా ఇంటింటికీ తిరుగుతూనే ఉంది.

జిప్పు నాతో మాట్లాడటం మానేసింది. మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకునేది. ఒకరోజు తలుపు దగ్గర అడ్డం నిలబడి, "జిప్పూ, వాళ్ళు నా గొంతు దొంగిలించారే. నాకు మాత్రం తెలుసా?" అన్నాను.

"దొంగిలించారా? నువ్వు చదవలేదా?"

"చదివాను. కానీ..."

"నన్ను మోసం చేసినప్పుడు ఊరంతా వినపడింది నీ గొంతు. ఇప్పుడు ఈ గుమ్మంలో నా ఒక్కదానికే చెప్తే ఏం లాభం?" అని తలుపేసుకుంది.

ఆ రాత్రంతా ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు జీవితంలో మొదటిసారి ఒక చీటీ నా చేత్తో రాశాను. మా ఆయనకి చూపించాను. చదివి, "బాగానే ఉంది గానీ, దొంగిలించి అని రాశావే?" అన్నాడు.

"అవును, దొంగతనమే కదా?"

"నువ్వు బీరువాలో తల దూర్చి చదువుతుంటే నేను చొక్కా కోసం నిలబడే ఉన్నాను కదే" అన్నాడు. నేను మార్చలేదు. అంతవరకు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క మంచి పేరు, అది కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

సాయంత్రం అయిదింటికి బస్టాండుకి వెళ్ళాను. ఆఫీసులు వదిలే వేళ, ఎనిమిది ప్లాట్‌ఫారాలూ కిటకిటలాడే వేళ. అద్దాల గది బయట జిప్పు నిలబడి ఉంది. మా ఆయన వెళ్ళి చెప్పాడట. నా వైపు చూడలేదు, చేతులు కట్టుకుని మైకు వైపు చూస్తోంది.

కంట్రోలర్‌తో పదేళ్ళు కలిసి పనిచేశాను. పెట్టె మొరాయిస్తే వాడటానికి పాత మైకు ఇంకా బల్ల మీదే ఉందని నాకు తెలుసు. చీటీ ఇచ్చాను. చదివి గతుక్కుమన్నాడు.

"ఇది బస్సుల సంగతి కాదుగా. నేను సంతకం పెట్టలేను. పైనుంచి ఆర్డరు కావాలి."

"మీ పెట్టె తొమ్మిదో ప్లాట్‌ఫారం అన్నప్పుడు ఎవరు సంతకం పెట్టారు?"

గొంతు సవరించుకున్నాడు. చీటీ బల్ల మీద పెట్టి, "నేను చూడలేదనుకో. సంతకం లేని చీటీ, నీ ఇష్టం, నీ బాధ్యత" అని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

కూర్చున్నాను. ఫ్యాను అలాగే మూలుగుతోంది. మీట నొక్కాను.

"ప్రయాణికులకు మనవి. నా గొంతును కొందరు దొంగిలించి, మీ ఫోన్లకు ఉద్యోగం పేరుతో కాల్స్ చేస్తున్నారు. దయచేసి వారికి డబ్బు చెల్లించవద్దు."

ఎవరూ వినలేదు. అలవాటే.

రెండోసారి చదివాను. తలలు ఎత్తారు. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన ఒకావిడ ఆగిపోయింది. టికెట్ల వరసలో ఒక మనిషి ఫోను తీసి తెర కేసి, అద్దం కేసి మార్చి మార్చి చూశాడు. అద్దం అవతల జిప్పు మాత్రం కదలలేదు. ఇంకా ఎదురు చూస్తున్నట్టే ఉంది.

బల్ల మీద ఫోను మోగింది. కంట్రోలర్ ఎత్తి, "అవును సార్... కాదు సార్..." అని, నా వైపు తిరిగి, "ఆపమంటున్నారు. లే, నా ఉద్యోగం మీదికొస్తుంది" అని మీట మీద చెయ్యి వేశాడు.

అప్పుడు జిప్పు అద్దం మీద అరచేత్తో కొట్టింది.

"మూడోసారి చెప్పాలి! రెండుసార్లే చెప్పింది. మూడోసారి చెప్పనివ్వండి!"

మెట్టు మీదావిడ దిగి వచ్చేసింది. "చెప్పమ్మా, నాకూ వచ్చింది ఆ ఫోను. ఈ సాయంత్రంలోగా కట్టమన్నారు" అంది. ఇంకెవరో "చెప్పనివ్వయ్యా" అని కంట్రోలర్ మీద కేకలేశారు. ఆయన చెయ్యి తీసేశాడు.

చీటీ చేతిలోకి తీసుకున్నాను. దొంగిలించి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. జిప్పు కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. చీటీ కింద పెట్టేశాను.

"ప్రయాణికులకు మనవి. మీ ఫోన్లలో వినిపిస్తున్న ఆ గొంతు నాది. ఎవరూ దొంగిలించలేదు. వాక్యాలు పంపారు, చదివాను. డబ్బు తీసుకున్నాను. ఎవరి కోసమని అడగలేదు. నన్ను నమ్మి మా ఇంట్లో అద్దెకున్న దర్జీ కుట్టుమిషను అమ్ముకుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు డబ్బు అడగరు. సాయంత్రంలోగా అని తొందరపెట్టరు. నా గొంతుతో అడిగినా కట్టకండి. కట్టినవాళ్ళు సిగ్గుపడకుండా ఈ రోజే బ్యాంకుకి, పోలీసులకి చెప్పండి. సిగ్గుపడవలసింది మీరు కాదు."

మీట వదిలేశాను. పెట్టె వెంటనే అందుకుని, పాకం గొంతుతో ఏదో బస్సు సంగతి చెప్పింది. జనం ఇంకా అద్దం వైపే చూస్తున్నారు. కొందరి చూపులో జాలి ఉంది, కొందరి చూపులో లేదు. ఒకాయన "సిగ్గులేని మనిషి" అని పైకే అన్నాడు. అనాలి. నేను విన్నాను.

జిప్పు అద్దం కింది కన్నంలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. "ఆ చీటీ ఇటివ్వు" అంది.

ఇచ్చాను. చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, చీటీని అద్దానికి ఆనించి, దొంగిలించి అన్న మాట కొట్టేసింది. వెనక వైపు తిప్పి, నేను మూడోసారి చెప్పిందంతా గబగబా రాసింది. ఎవరిదో ప్యాంటు కొలతలు రాసుకున్నంత మామూలుగా రాసింది. మడిచి, కన్నంలోంచి నా ముందుకి తోసింది.

"రేపు అయిదింటికి మళ్ళీ చదవాలి. ఎల్లుండి కూడా. లోపలికి రానివ్వకపోతే బయట నిలబడి అరిచి చెప్పు, నీకు మైకెందుకు? నేనూ వస్తాను" అంది. చీటీ వైపు వేలు చూపించి, "సంతకం లేదు దీని మీద" అంది.

కంట్రోలర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన్ని అడగలేదు. జిప్పు చేతిలోని పెన్సిలు తీసుకుని కింద నా సంతకం పెట్టాను.